మంగళవారం పేజీ

మధ్యాహ్నం రెండు గంటలు. ఇనుప సామాన్ల కొట్టు, సగం దించిన షట్టరు. లోపల కొట్టు యజమాని, యూనిఫాంలో అతని బావమరిది.

"ముందు కూర్చో. నువ్వలా నిటారుగా నిలబడితే దారినపోయేవాళ్ళు కొట్టు మీద దాడి జరిగిందనుకుంటారు."

"మూడింటికి నేను స్టేషన్‌లో ఉండాలి బావా."

"తెలుసు. అందుకే పిలిచాను. ఆ పెట్టె మీద కూర్చో, విరగదులే. కొత్త సరుకు, ఇంకా విప్పలేదు. పుస్తకం తెచ్చావా?"

"ఏ పుస్తకం?"

"నా దగ్గరా ఈ నాటకాలు? నల్ల అట్ట పుస్తకం. ఎడం జేబులో పెట్టుకుని తిరుగుతావు చూడు, అది."

"దాని సంగతి నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెబితే ఏం?"

"ఇన్‌స్పెక్టర్ గారు వచ్చారా ఇక్కడికి?"

"పొద్దున కొట్టు తీస్తుంటే వచ్చాడు. తలుపుకి గొళ్ళెం కావాలన్నాడు. ఇరవై నిమిషాలు నిలబడ్డాడు, గొళ్ళెం మాత్రం కొనలేదు."

"ఏమన్నారు?"

"మంచే అన్నాడు. 'మీ బావమరిది చెయ్యి శుభ్రం, బూట్లు ఇంకా శుభ్రం' అన్నాడు. 'పదకొండు రోజుల్లో ప్రొబేషన్ అయిపోతుంది, పనికొస్తాడా రాడా అని రాయాల్సింది నేనే' అన్నాడు."

"అంతేనా?"

"'ఆ నల్ల పుస్తకం స్టేషన్‌ది కాదు కదా, ఇంట్లో పిల్లలు చించేసినా అడిగే నాథుడుండడు' అని కూడా అన్నాడు."

"మా ఇంట్లో పిల్లలు పుస్తకాలు చించరు."

"ఎలా చించుతారు? నిద్రలో కూడా అటెన్షన్‌లో పడుకుంటారు పాపం. మీ అక్క మీ ఇంటికొచ్చి నువ్వు మడిచిన దుప్పటి చూసింది. ఆ రోజునుంచీ నాకు సుఖం లేదు."

"నవ్వించడానికి పిలిచావా బావా?"

"లేదు. నిన్ను నిలబెట్టడానికి పిలిచాను. పదిహేడేళ్ళు తుపాకీ మోసి ఇంటికొచ్చావు. ఏడాది పాటు పొద్దున్నే లేచి పెరట్లో కవాతు చేసుకునేవాడివి. ఇలాగే వదిలేస్తే తుప్పు పట్టిపోతావని ఆ దరఖాస్తు ఎవరు నింపారు?"

"నువ్వే."

"ఫోటో అంటించింది?"

"నువ్వే."

"నలభై ఏళ్ళ వయసులో కుర్రాళ్ళతో పరుగు పందెం పరిగెత్తలేనని కూలబడితే..."

"నువ్వే లేపావు. కాదన్నానా?"

"మరి ఇప్పుడు నా మాట విను. ఆ పుస్తకం ఇలా ఇచ్చెయ్. విచారణాధికారి మూడింటికి వస్తారు. 'ఏం రాశావు' అంటే 'ఏమీ రాయలేదు సార్' అను. నాలుగింటికి వెళ్ళిపోతారు. అయిపోయింది."

"ఇరవై మంది చూశారు బావా నేను రాయడం."

"ఆ ఇరవై మందీ ఏం చూడలేదని చెప్పడానికి రెడీగా ఉన్నారు. నువ్వొక్కడివే తేలాలి. అసలెవరు రాయమన్నారు నిన్ను?"

"ఎవరూ రాయమనలేదు. గేటు దగ్గర నిలబెడితే నా చెయ్యి దానంతటదే రాస్తుంది. ఎవరొచ్చారు, ఎన్నింటికొచ్చారు, ఎన్నింటికెళ్ళారు. డ్యూటీ దిగేటప్పుడు దిగేవాడు, ఎక్కేవాడు ఇద్దరూ సంతకం. అక్కడ అలాగే చేశాను."

"ఇది అక్కడ కాదు. ఇక్కడ స్టేషన్‌కో డైరీ ఉంది, దానికో రైటరున్నాడు."

"ఉన్నాడు. సోమవారం సంగతి గురువారం తీరిగ్గా రాస్తాడు. మొదటివారం నేనడిగితే అందరూ నవ్వారు."

"నవ్వరూ మరి! 'మిలటరీ' అని పేరు పెట్టింది అందుకే."

"పేరు పెట్టారు, సంతకాలూ పెట్టారు. ఆటపట్టించడానికి పెట్టారు. ఒకడైతే తన పేరు పక్కన బొమ్మ కూడా వేశాడు. పెట్టారు కదా, నాకంతే చాలు."

"మంగళవారం కూడా పెట్టారా?"

"పెట్టారు."

"ఎవరెవరు?"

"ఎందుకు?"

"ఎందుకేమిటి, ఎంత పెద్ద ముడో తెలిస్తేగా విప్పేది! ఆ మంగళవారం పేజీలో ఏముందో చెప్పు."

"సాయంత్రం నాలుగూ పదికి ఒక మనిషిని జీపులో తెచ్చారు. తన కాళ్ళ మీద తను నడిచి లోపలికెళ్ళాడు. నేను ఎనిమిదింటికి దిగాను. 'లోపల ఒక మనిషి ఉన్నాడు' అని రాసి తర్వాతి సెంట్రీకి అప్పగించాను, అతను సంతకం పెట్టాడు. బుధవారం పొద్దున ఆ మనిషి రోడ్డు పక్కన తల పగిలి శవమై దొరికాడు. స్టేషన్ డైరీలో మాత్రం మంగళవారం ఆ పేరుతో ఎవరూ రాలేదు."

"ఏదో బండి గుద్దిందన్నారుగా."

"అన్నారు."

"గుద్దిందేమో. సాయంత్రం వదిలేస్తే నడుచుకుంటూ పోతున్నాడేమో. నువ్వు చూశావా?"

"నేను చూసింది నాలుగూ పది నుంచి ఎనిమిది దాకా. అదే రాశాను."

"ఇంకా ఏమైనా రాశావా?"

"ఇంకా అంటే?"

"ఊరికే అడిగాను."

"నువ్వు ఊరికే ఏదీ అడగవు బావా."

"సరే, చూడు. ఒక వైపు నీ ఉద్యోగం. పదకొండు రోజులు ఓపిక పడితే రిటైరయ్యేదాకా కదిలించేవాడు లేడు. రెండో వైపు నాలుగు గీతలు గీసిన ఓ పుస్తకం. అది ఇస్తే ఆ మనిషి లేచి కూర్చుంటాడా? కూర్చోడు. నీ ఇన్‌స్పెక్టర్ మారిపోతాడా? బదిలీ అయ్యి ఇంకో ఊళ్ళో ఇదే పని చేస్తాడు. పోయేది నువ్వొక్కడివే. 'స్టేషన్ సంగతులు సొంత పుస్తకంలోకి ఎక్కించాడు, నమ్మకస్తుడు కాడు' అని ఒక్క ముక్క రాస్తాడు. ఆ ముక్కతో ఇంకెక్కడా వాచ్‌మన్‌గా కూడా తీసుకోరు."

"తెలుసు."

"తెలిసీ?"

"రెండు రాత్రులు నిద్రపోలేదు. తెలిసే."

"మా చెల్లెలికి చెప్పావా?"

"చెప్పాను. ఆవిడ ఏమంటుంది, 'మీ ఇష్టం' అంది. గిన్నె మాత్రం గట్టిగా పెట్టింది."

"అదిగో, గిన్నె చెప్పింది జవాబు. నీకది..."

"షావుకారూ! షట్టరేంటి, సగంలో ఉరేసుకుంది? ఉన్నారా లోపల?"

"ఉన్నాను మేస్త్రీ, వంగి రా. తల చూసుకో. ఏం కావాలి?"

"మరమేకులు. తలుపులు ఈ పూటే ఎక్కించేద్దామని. ఓ నాలుగు గుప్పిళ్ళు ఇవ్వండి. నమస్కారం పోలీసుగారూ."

"నమస్కారం."

"ఏ సైజు మేకులు మేస్త్రీ?"

"తలుపు మడతబందులకి సరిపోయేవి."

"బందు ఏ సైజు?"

"మీరు పంపిందేగా, మీకు తెలీదా? సోమవారం మీ తోపుడు బండతను పెట్టె దించి పోయాడు. అలాగే ఉంది, విప్పలేదింకా."

"విప్పకుండా మేకులెలా అడుగుతావయ్యా? మూడు రకాల బందులున్నాయి నా దగ్గర, ఒక్కోదానికి ఒక్కో రంధ్రం. ఏదో ఒకటి ఇస్తే రేపొచ్చి వాపసు అంటావు. వెళ్ళి పెట్టె విప్పి, ఒక బందు చేత్తో పట్టుకుని రా. దాన్ని చూసి ఇస్తాను."

"మళ్ళీ తిరగాలా ఈ ఎండలో? మీ బండతన్ని పంపొచ్చుగా. ఏడీ, ఊరవతల మా పని దగ్గరికి నాలుగు రోజులుగా రావడం లేదు?"

"ఊరెళ్ళాడు."

"చెప్పకుండానా? మా పిల్లకి మంచం పట్టెలు తెచ్చిపెడతానన్నాడే."

"వస్తాడులే. నువ్వు వెళ్ళిరా, మళ్ళీ పని వేళ దాటిపోతుంది."

"అరగంటలో వస్తా. షట్టరు ఎత్తి ఉంచండి, నా నడుం అసలే మంచిది కాదు."

"హమ్మయ్య. ఏం చెబుతున్నాను? ఆఁ, గిన్నె. మా చెల్లెలు..."

"ఊరెళ్ళాడా బావా?"

"ఎవరు?"

"బండతను."

"మరి మేస్త్రీకి ఏం చెప్పమంటావు? ఊరంతా చాటమంటావా?"

"నేనొచ్చి ఇంతసేపయింది. 'ఆ మనిషి, ఆ మనిషి' అంటున్నావు. ఒక్కసారి కూడా 'మన బండతను' అనలేదు."

"నువ్వు కూడా అనలేదు."

"నువ్వు అంటావేమోనని చూశాను."

"అంటే ఏమవుతుంది? అన్నాను అనుకో. మన బండతనే. పదకొండేళ్ళు నా దగ్గర పనిచేసినవాడే. నాకు బాధ లేదనుకున్నావా?"

"అక్కకి నొప్పులొచ్చిన రోజు ఆటో దొరక్కపోతే ఆ బండి మీదే పడుకోబెట్టి ఆసుపత్రికి తోసుకెళ్ళాడు. అప్పుడు నేను సరిహద్దులో ఉన్నాను. నువ్వే ఫోన్లో చెప్పావు. ఏడుస్తూ చెప్పావు."

"మీ అక్కని మధ్యలోకి లాగకు."

"అక్కకి తెలుసా?"

"లాగకు అన్నానా!"

"సరే."

"ఇత్తడి తాళాల పెట్టె పోయింది. నిండు పెట్టె, ఇరవై నాలుగు తాళాలు. సోమవారం పొద్దున ఉంది, మంగళవారం పొద్దున లేదు. ఈ కొట్లో మేకు జారితే చప్పుడు బట్టి ఎంత సైజుదో చెబుతాను నేను. లోపలికి వచ్చేది ఇద్దరమే, నేనూ వాడూ. నేను తియ్యలేదు. ఇంకెవరు తీశారు?"

"అతన్ని అడిగావా?"

"అడిగాను. 'నాకు తెలీదు బాబుగారూ, మీరిచ్చిన పెట్టెలే దించాను' అన్నాడు. దొంగతనం చేసినవాడు ఇంకేమంటాడు?"

"చెయ్యనివాడు కూడా అదే అంటాడు."

"అదిగో, పోలీసు మాట ఇప్పుడొచ్చింది నీకు! పదకొండేళ్ళ నమ్మకం, కడుపు మండిపోయింది. ఇన్‌స్పెక్టర్ మన కొట్టుకి వచ్చిపోయే మనిషే కదా, మధ్యాహ్నం ఫోన్ చేసి కాస్త బెదిరించమన్నాను. కేసొద్దు, కాగితం వద్దు, నాలుగు మాటలతో బెదిరిస్తే పెట్టె ఎక్కడుందో చెబుతాడు అన్నాను. అంతే. అంతకు మించి నాకేం తెలీదు."

"ఏం తెలీదా?"

"తెలీదు."

"బావా, ఇదిగో పుస్తకం. ఎడం జేబులోనే ఉంది. మంగళవారం పేజీ తీశాను. చదువు."

"కళ్ళజోడు ఇంట్లో ఉంది."

"మంగళవారం కూడా అదే అన్నావు. 'ఏంట్రా ఇది, కళ్ళజోడు లేదు, ఎక్కడ పెట్టాలో వేలితో చూపించు, పెట్టేస్తా' అని నవ్వావు. ఏ కాగితమైనా మూడుసార్లు చదవనిదే సంతకం పెట్టవు నువ్వు. జీవితంలో చదవకుండా పెట్టింది ఇదొక్కటే."

"బావమరిది సరదా అనుకున్నాను."

"నేను చదువుతాను విను. 'ఆరూ ఇరవై. లోపలికి: ఇనుప సామాన్ల కొట్టు యజమాని. సెంట్రీకి అక్క భర్త.' పక్కన నీ సంతకం."

"అక్క భర్త అని ఎందుకు రాశావురా? అదెవడడిగాడు?"

"సొంత మనిషి గేటు దాటితే ఆ సంగతి ముందే రాయాలి. రాయకపోతే తర్వాత దాచాడంటారు. పదిహేడేళ్ళు అలాగే రాశాను. మా నాన్న చూడ్డానికొచ్చినా 'సెంట్రీకి తండ్రి' అనే రాశాను."

"రాక్షసుడివి నువ్వు."

"'ఆరూ నలభై ఐదు. బయటికి: పై వ్యక్తి.' ఇక్కడా నీ సంతకమే. రెండూ పక్కపక్కన పెట్టి చూడు. లోపలికెళ్ళేటప్పుడు పెట్టింది తిన్నగా ఉంది. బయటికొచ్చేటప్పుడు పెట్టింది కాగితం అంచు దాటిపోయింది."

"మూసెయ్ ఆ పుస్తకం."

"ఆ పాతిక నిమిషాలు ఏం చూశావు బావా?"

"నేను చాలన్నాను. ఒట్టు. మీ అక్క మీద ఒట్టు. 'చాలు సార్, వదిలెయ్యండి, తాళాలు పోతే పోయాయి' అన్నాను. 'మీరు బయటికెళ్ళండి, చూడలేరు' అన్నాడు. వచ్చేశాను."

"నా ముందు నుంచే వెళ్ళావు. నాకేం చెప్పలేదు."

"నువ్వు బొమ్మలా నిలబడి ఉన్నావు. నీకేం చెప్పను? నువ్వు వినలేదా? గేటుకి లోపలి గది ఎంత దూరం? నా మీద పెడుతున్నావు అంతా! పుస్తకం అప్పజెప్పేసి నువ్వు శుభ్రంగా బయటపడతావు, బావ మెడకి చుట్టుకుంటుంది. ఇదేగా నీ లెక్క?"

"మధ్యలో వదిలిన లైనూ, కింది లైనూ చదవలేదు నేనింకా."

"ఏముంది వాటిలో?"

"'ఆరున్నర. లోపలి గదిలోంచి కేకలు. సెంట్రీ పోస్టు వదల్లేదు.' అది నా సంగతి."

"ఇదెందుకు రాసుకున్నావు?"

"'ఏడూ పది. గేటు దగ్గర ఒక ఆడమనిషి. భర్త లోపలున్నాడా అని అడిగింది. లేడని చెప్పమని ఆదేశం. లేడని చెప్పాను.' నన్ను గుర్తుపట్టింది బావా. 'మీరు మా షావుకారుగారి బావమరిదే కదా, మీరు చెబితే నిజమే' అని వెళ్ళిపోయింది."

"ఒరేయ్..."

"అక్కడ పోస్టు వదిలితే కోర్టులో నిలబెడతారు. వెనక ఇల్లు తగలబడ్డా తిరిగి చూడకూడదు. అది బాగా చేస్తానని మెడల్ ఇచ్చారు నాకు. మంగళవారం కూడా అదే చేశాను. పది అడుగులు. తలుపు తోస్తే తెరుచుకునేది. నేను టైం చూసి, రాసుకుని, మళ్ళీ నిలబడ్డాను."

"అయితే చించెయ్. ఆ ఒక్క పేజీ. నీకూ మంచిది, నాకూ మంచిది."

"పేజీలకి నంబర్లు వేశాను."

"పుస్తకమే కాల్చెయ్. నా దగ్గర కిరసనాయిలు ఉంది."

"నీ దగ్గర అన్నీ ఉంటాయి. నేను కాల్చడానికి రాలేదు. అడగడానికొచ్చాను. మూడింటికి నాతో రా. నేను ఇవ్వకముందే నువ్వు చెప్పు. 'నేనే ఫోన్ చేశాను, నేను చూశాను' అని నీ నోటితో చెబితే ఒక రకం. నా పుస్తకంలోంచి బయటికొస్తే ఇంకో రకం. అది నీకు నేను చెప్పక్కర్లేదు."

"బేరమాడుతున్నావా నాతో?"

"నీ దగ్గరే నేర్చుకున్నాను."

"కొట్టు పోతుంది. పరువు పోతుంది. నీ ఉద్యోగం పోతుంది. మీ అక్క నా మొహం చూడదు. దేనికి? వాడు దొంగ. ఆ ఒక్క సంగతి మర్చిపోతున్నావు నువ్వు. కొట్టింది తప్పే, ఒప్పుకుంటాను, ఎక్కువ కొట్టారు. కానీ దొంగతనం జరిగిందా లేదా? తిన్న చోట చెయ్యి పెట్టాడా లేదా? అది లేకపోతే నేనెందుకు ఆ మెట్లెక్కుతాను? చెప్పు. రెండిళ్ళు కూల్చుకుందామా ఒక దొంగ కోసం?"

"రెండూ నలభై అయింది బావా."

"నా మాటకి జవాబు చెప్పు ముందు. వాడే గనక తియ్యలేదని తేలితే, నీ వెనకే వచ్చి నా నోటితో అన్నీ చెబుతాను. సరేనా? తీసింది వాడే. నా లెక్క ఎప్పుడూ తప్పదు."

"షావుకారూ! షట్టరు ఎత్తి ఉంచమన్నానా లేదా? అమ్మా, నడుం! ఇదిగో, బందు తెమ్మన్నారుగా, పెట్టె పెట్టే మోసుకొచ్చాను. ఏం చెయ్యను, విప్పితే ఒక్క బందు లేదు, అన్నీ ఇత్తడి తాళాలు. ఇరవై నాలుగూ ఉన్నాయి, చూసుకోండి. బండతను ఊర్నుంచి వచ్చాక అతన్నేం అనకండి పాపం. 'మేస్త్రీకి, బందులు' అని పైన అంటించిన చీటీ మీ చేతిరాతే."